అంకెలు పలికిన వైనం



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగారు. 1975 నుంచి 2008 వరకు ట్రెజరీలో గుమస్తాగా అంకెలు కూడుతూ గడిపినవాణ్ణి. అంకె తప్ప నాకు వేరే విద్య తెలియదు. అందుచేత ఆ అంకె మనిషి గొంతుగా మారే విధానం గురించి, దాని చరిత్ర గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈ విషయం వెంట పడడానికి కారణం మన సంఘ సమావేశమే.

1988లో మా హెడ్ అకౌంటెంటు గారి వీడ్కోలు సభను ఎవరో కాసెట్టులో రికార్డు చేశారు. 2009 నాటికి ఆయన లేరు. మా అబ్బాయి ఆ కాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాడు. తర్వాత రెండు నెలలకు టేపు మరలో చుట్టుకుని ముక్కలైంది. మిగిలింది కంప్యూటరులోని అంకెలే. ఆ ఏడు వార్షిక సమావేశంలో కంప్యూటరుకు వైరు తగిలించి మైకులో వినిపించబోతే గుయ్‌మని రొద తప్ప మాట తెలియలేదు. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య కాసేపు చెవి ఒగ్గి విని, "ఇది మా వారి గొంతు కాదు నాయనా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అదే ఫైలును మరో కంప్యూటరులో పెట్టి వింటే మాట బాగానే ఉంది. అంటే అంకెల్లో తప్పు లేదు. అంకెను శబ్దంగా మార్చి బయటకు పంపే చివరి మెట్టు దగ్గరే లోపం. నేను కుర్రతనంలో రేడియో రిపేరు నేర్చుకున్నవాణ్ణి గనుక ఆ మెట్టును నేనే కట్టుకుందామనుకున్నాను. కట్టే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను.

శబ్దం గాలిలో కదిలే అల. ఆ అల ఎత్తును క్షణక్షణం కొలిచి అంకెలుగా రాసి పంపవచ్చునని 1937లో అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరు పారిస్‌లో పనిచేస్తూ ఊహించాడు. 1938లో ఫ్రాన్సులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అల ఎంత దూరం పోతే అంత అరుగుతుంది, దారిలో రొద కలుస్తుంది. అంకె అలా కాదు. చదవగలిగినంత వరకు ఐదు ఐదే. అయితే ఆ రోజుల్లో ఉన్నవి వాల్వులు. వాటితో ఈ పని చేయించడం తలకు మించిన ఖర్చు.

ఎన్నిసార్లు కొలవాలి అన్న ప్రశ్నకు జవాబు క్రమంగా తేలింది. 1928లో నైక్విస్ట్, 1933లో కోటెల్నికోవ్, 1949లో షానన్ రాసిన పత్రాల సారాంశం ఒక్కటే. శబ్దంలోని అత్యధిక కంపనాల సంఖ్యకు రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే అసలు అలను తిరిగి పూర్తిగా రాబట్టవచ్చు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. మన వయసు వారికి అందులో చాలా భాగం ఎప్పుడో రిటైరైపోయింది!

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ నాయకులు రహస్యంగా మాట్లాడుకోవడానికి బెల్ ప్రయోగశాల వారు 'సిగ్‌సాలీ' అనే యంత్రం చేశారు. 1943లో అది పనిలోకి వచ్చింది. గొంతు లక్షణాలను అంకెలుగా మార్చి, అవతలి ఒడ్డున మళ్లీ మాటగా కూర్చేది. ఒక్కొక్క కేంద్రంలో దాని బరువు 50 టన్నుల పైమాటే. 1957లో అదే సంస్థకు చెందిన మాక్స్ మాథ్యూస్ కంప్యూటరు చేత 17 సెకన్ల సంగీతం పలికించాడు. కంప్యూటరు న్యూయార్కులో ఉంది, అంకెలను శబ్దం చేసే పెట్టె న్యూజెర్సీలో ఉంది. అంకెలున్న టేపును ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోయి వినవలసి వచ్చింది.

1982 అక్టోబరు 1న జపానులో సోనీ వారి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్, సోనీ కలిసి నిర్ణయించిన లెక్క సెకనుకు 44,100 కొలతలు. ఒక్కో కొలతకు 65,536 మెట్లు. ఈ 44,100 ఎక్కడిదని మనలాంటి లెక్కల వారికి సందేహం కలగడం సహజం. అప్పట్లో ఆ అంకెలను వీడియో టేపు మీద రాసేవారు. సెకనుకు 60 తెరలు, తెరకు 245 గీతలు, గీతకు 3 కొలతలు. గుణించి చూడండి, సరిపోతుంది.

ఇక అంకెను కరెంటుగా మార్చడం. కంప్యూటరులో ఒకట్లు, పదులు, వందల స్థానాలకు బదులు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అనే స్థానాలుంటాయి. ఒక విలువ గల రెసిస్టర్లను, దానికి రెట్టింపు విలువ గలవాటిని నిచ్చెన ఆకారంలో అతికితే ఒక్కొక్క మెట్టు తన పై మెట్టులో సగం వాటా చెల్లిస్తుంది. అన్నీ కలిస్తే శబ్దానికి కావలసిన వోల్టేజి వస్తుంది. 1980ల చివర్లో అమెరికాలో కోవాక్స్ అనే సంస్థ ప్రింటరు తగిలించే చోట పెట్టే ఇలాంటి చిన్న సాధనం అమ్మింది. దాన్ని చూసి అనేక దేశాల్లో కుర్రాళ్లు ఇంట్లోనే చేసుకున్నారు. నేనూ మొదట అదే చేశాను. 8 స్థానాల నిచ్చెనకు ఒకే విలువ గల రెసిస్టర్లు 25 చాలు. రెట్టింపు కావలసిన చోట రెండేసి కలుపుకోవచ్చు. వంద కొని, మల్టీమీటరుతో కొలిచి, దగ్గరి విలువలున్నవి ఏరాను. మాట వచ్చింది కాని ఇసక మీద నడిచినట్టు గరగరలాడింది. 8 స్థానాలకు 256 మెట్లే గదా!

స్థానాలు 16కు పెంచుదామంటే లెక్క అడ్డం వచ్చింది. పై స్థానం విలువ 32,768. అక్కడి రెసిస్టరులో నూటికి ఒక వంతు తేడా ఉంటే 328 మెట్లు గల్లంతు. లక్షల కాలములో వెయ్యి రూపాయలు తప్పి, కింద పైసలు సరిచూసుకున్నట్టు ఉంటుంది. చిప్పులు చేసేవారికీ ఇదే తలనొప్పి. ఫిలిప్స్‌లో వాన్ డె ప్లాషె అనే ఇంజనీరు 1976లో ఒక ఉపాయం ప్రకటించాడు. ఒకే భాగం ఎల్లప్పుడూ ఒకే స్థానంలో ఉండకుండా వంతుల వారీగా మారుస్తూ పోతే, ఒక్కొక్కరి లోపం అందరికీ సమానంగా పంచుకుని సగటున పోతుంది. మన ఆఫీసుల్లో సీట్లు మార్చే పద్ధతే!

చివరకు కోఠీ గుజరాతీ గల్లీలో పాత సీడీ ప్లేయరు నుంచి ఊడదీసిన ఫిలిప్స్ వారి 16 స్థానాల చిప్పు ఒకటి దొరికింది. కంప్యూటరు నుంచి అంకెలు అందుకునే చిప్పు మా అబ్బాయి తెప్పించాడు. రాగి రేకు అంటించిన బోర్డు మీద మార్కరు పెన్నుతో దారులు గీసి, ఫెర్రిక్ క్లోరైడు నీళ్లలో ముంచితే గీత లేని చోట రాగి కరిగిపోతుంది. నా పంచె మీద పడిన మరక ఇప్పటికీ పోలేదు. మా ఆవిడ మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

సోల్డరింగు చేసి వింటే మళ్లీ గుయ్! వారం రోజులు వెతికాను. అంకెల కరెంటు, శబ్దపు కరెంటు రెండూ ఒకే సన్నని రాగి దారిలో తిరిగి వెళుతున్నాయి. ఒకదాని అలజడి మరొకదానిలో కలుస్తోంది. రెండు దారులు వేరు చేసి, విద్యుత్తు వచ్చే మూలంలో ఒక్కచోట మాత్రమే కలిపాను. చిప్పు పక్కనే చిన్న కెపాసిటరు పెట్టాను. రొద పోయింది. సభలో జరిగిన తప్పు కూడా బహుశా ఇటువంటిదే.

అయితే టేపులోని సహజమైన బుస మాత్రం పోలేదు. మొదట నిరాశపడ్డాను. తర్వాత తోచింది. నా బోర్డు పని గొంతును బాగు చేయడం కాదు. సర్వీసంతా మనం చేసింది ఏమిటి? అసలులో ఉన్నది తీసేయకుండా, లేనిది చేర్చకుండా నకలు రాసి, కింద 'ట్రూ కాపీ' ముద్ర వేయించుకోవడం. ఈ బోర్డూ అంతే. 1938 పేటెంటు నుంచి ఇంతమంది మహానుభావులు పాటుపడింది కూడా అందుకే.

2010 సమావేశంలో మళ్లీ వినిపించాము. హెడ్ అకౌంటెంటు గారికి మాట్లాడబోయే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునే అలవాటు. మాట ఇంకా మొదలు కాలేదు, ఆ సవరింపు వినగానే అమ్మగారు తల ఎత్తి, "ఆయనే" అన్నారు. తర్వాత ప్రసంగమంతా కళ్లు మూసుకుని విన్నారు.

మిత్రులారా, మీ అటకల మీద కూడా కాసెట్లు ఉండే ఉంటాయి. పెద్దల మాటలు, పెళ్లిళ్లు, వీడ్కోలు సభలు. టేపు ఏటేటా పాడవుతుంది, మనలాగే. తెగిపోక ముందే పిల్లల చేత అంకెల్లోకి ఎక్కించండి. ఆ నకలు కూడా ఒకటికి రెండు చోట్ల దాచండి. అంకె భద్రంగా ఉంటే గొంతు ఎప్పుడైనా తిరిగి వస్తుంది.

సెలవు.