తెలుగు గ్రంథముద్రణలో డీటీపీ దశ: పుట విన్యాసం, పాఠ పరిరక్షణ

తెలుగు ముద్రణ చరిత్రను సాధారణంగా 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన క్రైస్తవ గ్రంథాలతో ప్రారంభిస్తాం. శ్రీరాంపూరు మిషన్ ముద్రణాలయం, మద్రాసు కాలేజీ ప్రెస్సు, సి.పి. బ్రౌన్ కృషి, 1854లో స్థాపితమైన వావిళ్ల వారి ముద్రణశాల మీదుగా ఇరవయ్యో శతాబ్దపు పత్రికల దాకా వస్తాం. సీసపు అక్షరాలు కనుమరుగైన చోట ఆ కథ దాదాపుగా ఆగిపోతుంది. ఆ తరువాతిదంతా సాంకేతిక విషయమనీ, అది ఆపరేటర్లు చూసుకొనే పని అనీ ఒక భావన మనలో స్థిరపడింది. కాని ఇవాళ మన గ్రంథాలయాల్లో సులువుగా చేతికందే సిద్ధాంత గ్రంథాలు, అభినందన సంచికలు, ప్రాచీన కావ్యాల పునర్ముద్రణలు చాలామటుకు ఆ 'సాంకేతిక' దశలో, డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్ మీద తయారైనవే.

ఆ దశలో పుటల కూర్పుకు సంబంధించి ఆపరేటర్లు ఒకరికొకరు చెప్పుకొన్న మెలకువలను చారిత్రక ఆధారాలుగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అలా చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. డీటీపీ దశలో కాగితం మీది పుట భద్రమైంది గాని, కంప్యూటరులోని పాఠం భద్రం కాలేదు. కాబట్టి ఆనాటి ఫైలును ఆధారం చేసుకొని గ్రంథాన్ని తిరిగి అచ్చువేసేవారు దాన్ని మూలప్రతిగా కాక, పరిష్కరించవలసిన ఒక ప్రత్యంతరంగా భావించాలి.

సీసపు అక్షరం నుంచి తెర మీది అక్షరానికి

డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాట 1985లో అమెరికాలోని సియాటిల్ నగరపు ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసినప్పుడు వ్యాప్తిలోకి వచ్చింది. యాపిల్ వారి మెకింటాష్ కంప్యూటరు, లేజర్‌రైటర్ ప్రింటరు, అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష కలిసి ఈ పద్ధతిని సాధ్యం చేశాయి. 1987లో విండోస్ మీద పనిచేసే పేజ్‌మేకర్ వచ్చింది. 1994లో ఆల్డస్ సంస్థ అడోబీలో విలీనమైంది. 2001లో వెలువడిన ఏడవ సంచికే పేజ్‌మేకర్‌కు చివరిది. అడోబీ 1999లోనే ఇన్‌డిజైన్‌ను తెచ్చి, 2004లో పేజ్‌మేకర్ అభివృద్ధిని నిలిపివేసినా, తెలుగు డీటీపీ కేంద్రాలు దాన్ని ఆ తరువాత చాలాకాలం విడిచిపెట్టలేదు. అందుకు కారణం అలవాటు ఒక్కటే కాదు. వారి దగ్గరున్న తెలుగు ఫాంట్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌కు అనుగుణంగా తయారైనవి.

ఆల్డస్ అనే పేరు పదిహేనో శతాబ్ది వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్‌ది. గ్రీకు ప్రాచీన గ్రంథాలను పండితుల చేత పరిష్కరింపజేసి అచ్చువేసిన ఆయన ఇంట్లో పరిష్కర్త, కూర్పరి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ పేరు పెట్టుకొన్న సాఫ్ట్‌వేర్ మన దగ్గరికి వచ్చాక ఆ ఇద్దరి మధ్య దూరం పెరిగిందని నా అభిప్రాయం. చేతికూర్పు కాలంలో పండితుడు గ్యాలీ ప్రూఫుల దగ్గర కంపోజిటరుతో తలపడేవాడు. డీటీపీలో ఆయనకు కనిపించింది ప్రింటు మాత్రమే. ఫైలులో ఏముందో చూడవలసిన అవసరం ఆయనకు తోచలేదు.

ముక్కలుగా దాచిన అక్షరం

చేతికూర్పులో తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి కొన్ని వందల టైపులు కావలసివచ్చేవి. తొలినాటి కంప్యూటరు ఫాంటులో ఉన్నవి 256 గదులే. వాటిలోనూ కొన్ని వాడరానివి. ఈ ఇరుకులో తెలుగును ఇమిడ్చడానికి ఫాంటు నిర్మాతలు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటివి వేరువేరు గదుల్లోకి వెళ్లాయి. కొన్ని ఫాంట్లలో మకారం కూడా వకారపు ఆకృతికి కొమ్ము వంటి తోక తగిలించగా ఏర్పడేది. ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన గదుల్లో ఈ ముక్కలు కూర్చున్నాయి. అంటే తెర మీద తెలుగు కనిపిస్తున్నా సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి ఉపకరణాలు మీట నొక్కగానే తగిన ముక్కలను పేర్చిపెట్టేవి.

భారతీయ లిపుల నిల్వకు ఉమ్మడి ప్రమాణం ఆనాడు లేకపోలేదు. ఇస్కీ సంకేతావళిని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనూ తెలుగుకు చోటు దక్కింది. కాని పేజ్‌మేకర్ యూనికోడ్‌ను ఎరగదు. పుట కూర్చేవారికి కావలసింది ఆకృతి గనుక ఆకృతినే నిల్వచేశారు. పైగా ఒక సంస్థ ఫాంటులో ఒక గదిలో ఉన్న ముక్క మరో సంస్థ ఫాంటులో వేరే గదిలో ఉండేది.

వరుసక్రమం కూడా మారింది. 'స్త్రీ' అనే అక్షరాన్ని మనం ఉచ్చరించే క్రమం సకారం, తకారం, రేఫ, ఆపైన ఈకారం. యూనికోడ్ ఈ క్రమాన్నే పాటిస్తుంది. పాత ఫాంట్లలో మాత్రం గుడిదీర్ఘంతో కూడిన సకారం ముందు, ఒత్తులు ఆ తరువాత. క్రావడిని అక్షరానికి ముందే ఉంచిన ఫాంట్లూ ఉన్నాయి. కంపోజింగ్ స్టిక్కులో సీసపు ముక్కలు పేర్చిన క్రమమూ ఇటువంటిదే. ఆ రకంగా డీటీపీ చేతికూర్పుకు కొనసాగింపే గాని, అది తెచ్చిందని మనమనుకొనే విప్లవం ఫైలు లోపల జరగలేదు.

ఆపరేటరు మెలకువలు

ఈ నేపథ్యంలో చూస్తే డీటీపీ కేంద్రాల్లో ప్రతి కొత్త కుర్రవాడికీ నేర్పే జాగ్రత్తలకు అర్థం తెలుస్తుంది. కొటేషన్ గుర్తులను వంకీ గుర్తులుగా మార్చే సదుపాయాన్ని ముందే ఆపివేయమనేవారు. ఎందుకంటే ఆ గుర్తు ఉండవలసిన గదిలో ఏ గుణింతపు ముక్కో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని 'సరిదిద్దితే' అక్షరం మారిపోతుంది. వర్డ్‌లో టైపుచేసి తెచ్చే పాఠానికి వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే సదుపాయమూ ఇంతే ప్రమాదం. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. ఆ మార్పు వల్ల ఒక ముక్క స్థానంలో మరొకటి వచ్చి చేరుతుంది. కంటికి ఆనని చోట ఇటువంటి తప్పు దొర్లితే ముద్రారాక్షసమని సరిపెట్టుకొన్నాం గాని, చేయి తడబడితే వచ్చినదీ, యంత్రం దిద్దితే వచ్చినదీ వేరని గుర్తించలేదు.

పంక్తుల మధ్య ఎడం మరో సమస్య. పేజ్‌మేకర్ తనంతట తాను ఇచ్చే ఎడం అక్షర పరిమాణానికి 120 శాతం. రోమన్ లిపికి అది చాలు. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు దిగే తెలుగుకు చాలదు; పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులతో రాసుకుంటాయి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్లకు తగ్గని ఎడం ఇచ్చి, పేరా శైలిలోనే దాన్ని స్థిరపరచడం మేలు. పుటలు తగ్గించి ఫారాలు మిగిల్చుకోవాలన్న ప్రచురణకర్త తొందరలో మొదట బలయ్యేది ఈ ఎడమే.

పంక్తి చివర పదాన్ని విరవడంలో చిక్కు ఇంకా లోతైనది. సంధులతో, ప్రత్యయాలతో తెలుగు పదం పొడవుగా సాగుతుంది. పదాన్ని విరవకుండా రెండు అంచులూ సమం చేస్తే పంక్తిలో పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. సాఫ్ట్‌వేర్‌ను విరవనిస్తే అది ఇంగ్లీషు అనుకొని అక్షరం మధ్యలో విరుస్తుంది. అందుకని ఆ సదుపాయాన్ని ఆపి, ఆపరేటరు అక్షరాల మధ్య చేత్తో అడ్డగీత పెట్టేవాడు. పుట అందంగా వచ్చేది. అయితే ఆ గీత పాఠంలో శాశ్వతంగా చేరిపోయింది. పుట కొలత మార్చి రెండో ముద్రణ వేసినప్పుడు 'రామా-యణం', 'సాహి-త్యం' అంటూ పంక్తి నడుమ గీతలు తేలడం ఇందువల్లనే. పంక్తి చివరకు వచ్చినప్పుడే కనిపించి, లేనప్పుడు మాయమయ్యే ఐచ్ఛిక గీత పేజ్‌మేకర్‌లో ఉంది. దాన్ని వాడినవారి ఫైళ్లు ఇవాళ శుభ్రంగా ఉన్నాయి.

పద్యాల విషయంలో ఈ గీత ఛందస్సుకు సంబంధించిన ప్రశ్న కూడా. వృత్తాల్లో పదం ఒక పాదం నుంచి మరో పాదంలోకి ప్రవహించడం సహజం. అక్కడ పెట్టే గీత పాదవిభజనకు గుర్తు. పుట చాలక పెట్టిన గీత అటువంటిది కాదు. రెండూ ఒకే రూపంలో ఉంటే సీసపద్యం వంటి పొడవైన పాదాల్లో పాఠకుడికి ఏది ఏదో తెలియదు. పాదాల మొదళ్లు ఒకే నిలువు గీతలో ఉంటేనే ప్రాస కంటికి కనిపిస్తుంది. ఆ అమరికను స్పేస్‌బార్‌తో కాక ఇండెంటు కొలతతో సాధించాలి. ఖాళీలతో నెట్టిన పాదాలు ఫాంటు మారగానే చెదిరిపోతాయి. పాదం పుట వెడల్పును మించితే మిగిలిన భాగాన్ని కింది పంక్తిలో బాగా లోపలికి జరిపి, గీత లేకుండా ఉంచడం ఉత్తమం.

ఇంగ్లీషు మాటలు, దేవనాగరిలో ఇచ్చిన సంస్కృత ఉదాహరణలు ఉన్న పుటలో మరో ప్రమాదం పొంచి ఉండేది. పాఠాన్నంతా ఎంపికచేసి తెలుగు ఫాంటు తగిలిస్తే ఆ మాటలు అర్థంలేని తెలుగుగా మారేవి. పరిశోధన గ్రంథాల అధోజ్ఞాపికల్లో కనిపించే వింత అక్షరాలు కొన్ని ఇలా పుట్టినవే.

ఫాంటులో లేని అక్షరం

256 గదుల ఇరుకు భాషాచరిత్ర మీద కూడా ప్రభావం చూపింది. అరసున్న, శకటరేఫ, దంత్య చజలు, వలపలగిలక వంటివి అన్ని ఫాంట్లలోనూ ఉండేవి కావు. ప్రాచీన కావ్యాన్నో శాసనపాఠాన్నో కూర్చవలసి వచ్చినప్పుడు ఆపరేటరు ఉన్నదానితో సరిపెట్టేవాడు; వలపలగిలక స్థానంలో దానిని పోలిన తెలుగు తొమ్మిది అంకె వేయడం ఒక ఉపాయం. కంటికి తేడా లేదు. కాని ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు 'ధర్మం' నడుమ అంకె వచ్చి కూర్చుంటుంది. అరసున్న లేని పునర్ముద్రణను చూసి అది పరిష్కర్త నిర్ణయమా, ఫాంటు పరిమితా అని తేల్చకుండా ఆధునికీకరణ ధోరణుల గురించి సూత్రీకరించడం సరికాదు.

యూనికోడ్ ఈ లోటును క్రమంగా పూరించింది. దంత్య చజలు, అవగ్రహం 2008లో చేరాయి. శాసనాల్లో కనిపించే ఴ 2014లోను, ౚ 2015లోను, నకారపొల్లు 2021లోను వచ్చాయి. వలపలగిలకకు ప్రత్యేక సంకేతం లేదు. రేఫ, పొల్లు, ఆపైన కంటికి కనిపించని ఒక సంధాన సంకేతం కలిపితే అది ఏర్పడుతుంది, ఫాంటులో ఆ ఆకృతి ఉన్నప్పుడే.

పాత ఫైలు నుంచి కొత్త ముద్రణకు

తెలుగును సరిగా కూర్చగల శక్తి ఇన్‌డిజైన్‌కు 2012 నాటి సిఎస్6 సంచికతో వచ్చింది. అందులోనూ పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంపికచేయాలి. మామూలు కంపోజర్ కింద ఒత్తులు విడిపోతాయి. ఉచితంగా దొరికే స్క్రైబస్ కూడా ఇప్పుడు తెలుగును కూర్చగలదు. పోతన, వేమన ఫాంట్ల తరువాత సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి విడుదల చేసిన రామరాజ, మండలి, సూరన్న, పెద్దన వంటివి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇప్పుడు కొరత పరికరాలది కాదు.

కొరత పాఠానిది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ తొలి సంచికలు తెరిచేవి, కొత్తవి తెరవవు. తెరిచినా ముక్కలనే చూపిస్తాయి. ముక్కలను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ఒకప్పుడు తోడుగా వచ్చిన 'పద్మ' మొదలుకొని, చాలా ఉన్నాయి. ఏదీ నిర్దోషం కాదు. మార్పిడిలో తరచు దెబ్బతినేవి రూపసామ్యం ఉన్న ప-వ, మ-వు వంటి అక్షరాలు, అడుగున వేరు ముక్కగా ఉన్న మహాప్రాణపు గీటు. ఈ జాబితా మనకు కొత్తది కాదు. తాళపత్ర ప్రతుల లేఖకదోషాల్లోనూ ఇవే ప్రధానం. కాబట్టి ప్రత్యంతర పరిశీలనలో శిక్షణ పొందినవారే ఈ పనికి తగినవారు.

అచ్చుప్రతిని మూలంగా పెట్టుకొని ఒకరు చదువుతుండగా మరొకరు తెర మీద సరిచూడటం ఇప్పటికీ నమ్మదగిన పద్ధతి. పద్యాలకు ఛందస్సు తోడుపడుతుంది. యూనికోడ్ పాఠంలో గణాలను లెక్కించే 'ఛందం' వంటి సాఫ్ట్‌వేర్ జారిపోయిన దీర్ఘాన్ని, ఊడిపోయిన ఒత్తును వెంటనే పట్టిస్తుంది. అయితే ధకారం దకారమైతే గణం మారదు. రెండూ ఒకే వర్గానివి గనుక యతి కూడా చెడదు. ఆ తప్పు ప్రాసస్థానంలో పడితేనే ఛందస్సు పట్టుకోగలదు. తక్కినచోట్ల అర్థం తెలిసిన మనిషే చూడాలి. వచనానికి ఆ పాటి సాయమూ లేదు.

పాత ఫైలును మార్చినవారు అసలు ఫైలును పారవేయకూడదు. ఫాంటు పేరు, దాని సంచిక, మార్పిడికి వాడిన ఉపకరణం, పోల్చి చూసిన అచ్చుప్రతి సంవత్సరం పీఠికలో చెప్పాలి. తాళపత్ర ప్రతి సంఖ్యను, అది ఉన్న భాండాగారాన్ని పేర్కొనడం ఎంత అవసరమో ఇదీ అంతే. విశ్వవిద్యాలయాల ప్రచురణ విభాగాల్లో ఆనాటి ఫాంట్లు ఎక్కే కంప్యూటరు ఒక్కటైనా పనిచేసే స్థితిలో ఉండగానే ఆ ఫైళ్లనుంచి పీడీఎఫ్ ప్రతులు తీయించి పెట్టుకోవాలి. వాటిలో వెతకడం సాధ్యం కాదు, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. కాని ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండి ఏ అక్షరమైందో కనీసం కంటికి కనిపిస్తుంది.