వెండితెర ఆహార్యం

భరతముని అభినయాన్ని ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని నాలుగు విధాలుగా విభజించినాడు. వీటిలో ఆహార్యం నటుని దేహంలో పుట్టేది కాదు. వెలుపలినుండి తెచ్చి తొడిగేది. అయినా ముని దానికొక అధ్యాయమే కేటాయించి, నగలను ఆవేధ్యం, బంధనీయం, క్షేప్యం, ఆరోప్యం అని వర్గీకరించినాడు. అంతటితో ఆగక, రంగస్థలంమీద బరువైన బంగారు నగలు కూడవనీ, అవి నటునికి అలసట కలిగిస్తాయనీ, లక్కతోనూ పలుచని రేకులతోనూ తేలికగా చేసినవే తగినవనీ హెచ్చరించినాడు. ప్రేక్షకునికి బంగారమన్న ప్రతీతి కలిగితే చాలునన్నమాట. ఈ సూత్రాన్ని ఎరుగకయే హాలీవుడ్ తన స్వర్ణయుగంలో, అనగా 1930, 1940 దశకాలలో, దానిని తిరిగి కనుగొన్నది.

1934లో వెలువడిన 'ది ఎఫైర్స్ ఆఫ్ చెల్లినీ' పదహారవ శతాబ్దపు ఇటలీ కథ. అందులో దుస్తులు కాలోచితంగా ఉన్నా, నాయిక నగలు మాత్రం నాటి బజారులో కొన్నవానివలె ఉన్నవని యూజీన్ జోసెఫ్ అనే యువకుడు విమర్శించినాడట. విన్నవాడు అతని మిత్రుడు, వేషకల్పనలో ప్రసిద్ధుడు అయిన వాల్టర్ ప్లంకెట్. అంత తెలిసినవాడివైతే నీవే చేసి చూపమన్నాడట. ఆ సవాలే జోసెఫ్‌కు వృత్తిగా పరిణమించినది.

అతడు పాత గ్రంథాలను, చిత్తరువులను శోధించి ఏ కాలానికి తగిన నగను ఆ కాలానికి రూపొందించినాడు. అయితే చరిత్ర తెలిసినంతమాత్రాన పని తీరలేదు. మెరుగుపెట్టిన బంగారం స్టూడియో దీపాల కాంతిలో విపరీతంగా తళుక్కుమని, పనితనమంతా ఆ వెలుగులో మరుగైపోయేది. అందుచేత జోసెఫ్ మెరుపు తగ్గించిన ఒక పూతను కల్పించినాడు. 'రష్యన్ బంగారం' అని దానికి పేరు. వ్యాపారంలోనూ అతనిది వేరు దారి. నగలను స్టూడియోలకు అమ్మక, అద్దెకిచ్చేవాడు. చిత్రీకరణ ముగియగానే అవి తిరిగి అతని కొట్టుకు చేరేవి. ఒకే హారం వేరువేరు చిత్రాలలో వేరువేరు కంఠాలను అలంకరించేది. 1939 నాటి 'గాన్ విత్ ది విండ్'కు దుస్తులు ప్లంకెట్‌వి, నగలు జోసెఫ్‌వి. 1948లో జోసెఫ్ విమాన ప్రమాదంలో మరణించినాడు. భార్య జోన్ ఆ సంస్థను దశాబ్దాలపాటు నిలబెట్టినది. వస్తువును చేజార్చుకోలేదు గనుకనే అతని పేరూ చేజారలేదు.

దుస్తులు కల్పించినవారి చరిత్ర ఇంత సుఖాంతం కాదు. 1928 నుండి 1941 వరకు ఎం.జి.ఎం. స్టూడియోలో ఏడ్రియన్ రూపొందించిన వేషాలు గార్బో, జోన్ క్రాఫర్డ్ మొదలైన తారల మూర్తులను తీర్చిదిద్దినవి. క్రాఫర్డ్ భుజాలు వెడల్పైనవి. ఏడ్రియన్ వాటిని కప్పిపుచ్చక, మరింత స్ఫుటం చేసినాడు. 1932 నాటి 'లెటీ లింటన్'లో ఆమెకు తొడిగిన తెల్లని ఆర్గండీ గౌను, భుజాలవద్ద దొంతరలుగా పొంగిన కుచ్చుల చేతులతో అమెరికా స్త్రీలను సమ్మోహపరచినది. దాని అనుకరణలు మేసీస్ వంటి పెద్ద దుకాణాలలో అమ్ముడుపోయినవి.

రచయితలు తప్పక గమనించవలసిన ఘట్టం దీని తరువాతిది. ఆ చిత్రకథ 'డిసానర్డ్ లేడీ' అనే తమ నాటకంనుండి గ్రహించినదని ఎడ్వర్డ్ షెల్డన్, మార్గరెట్ ఏయర్ బార్న్స్ వ్యాజ్యం వేసినారు. 1936లో అప్పీలు న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పినది. 1940లో సుప్రీంకోర్టు, చిత్రంవల్ల కలిగిన నికరలాభంలో అయిదవ వంతు నాటకకర్తలకు చెందాలన్న నిర్ణయాన్ని స్థిరపరచినది. చిత్రం దశాబ్దాల తరబడి ప్రదర్శనకు దూరమైనది. కథను అనుకరించినవారికి శిక్ష పడినది. గౌనును అనుకరించినవారిని అడిగినవారు లేరు. అక్షరానికి ఉన్న రక్షణ అమెరికా చట్టంలో కత్తిరింపునకు, కుట్టుపనికి లేదు. చిత్రం కనుమరుగైనా ఆ చేతుల కుచ్చులు మాత్రం లోకంలో నిలిచినవి. వేషకల్పనకు ఆస్కార్ బహుమతి 1948 సంవత్సరపు చిత్రాలతోగాని ఆరంభం కాలేదు. ఏడ్రియన్ స్టూడియో వదలి అప్పటికి ఏడేండ్లు గడచినవి.

బహుమతి వచ్చిన తరువాతనూ పేరు చిక్కు తీరలేదు. 1954 నాటి 'సబ్రీనా'లో పారిస్‌నుండి తిరిగివచ్చిన ఆడ్రీ హెప్బర్న్ ధరించిన దుస్తులు ఫ్రెంచి కల్పకుడు జివాన్షీవి. తెరమీద మాత్రం ఆయన పేరు లేదు. బహుమతి పారమౌంట్ స్టూడియో వేషకల్పనాధిపతి ఈడిత్ హెడ్‌కు దక్కినది. ఎనిమిది ఆస్కార్లు పొందిన ఆమె ప్రతిభ శంకించదగినది కాదు. కాని శాఖలో జరిగిన పనికంతకూ అధిపతి పేరే నిలవడం ఆనాటి స్టూడియోల ఆచారం.

ఈ విషయంలో మనదేశపు చరిత్ర హాలీవుడ్‌కు తీసిపోదు. 1960లో విడుదలైన 'మొఘల్-ఎ-ఆజమ్'కు ఢిల్లీ దర్జీలు దుస్తులు కుట్టినారనీ, సూరతు పనివారు జరీపని చేసినారనీ, హైదరాబాదు కంసాలులు నగలు చేసినారనీ ఆ చిత్ర చరిత్రలో చదువుతాము. ఊళ్ల పేర్లు నిలిచినవి. మనుషుల పేర్లు లోకప్రసిద్ధికి రాలేదు.

ఈ పరిస్థితిలో వెలుగులోకి వచ్చిన పేరు భాను అథైయా. కొల్హాపురంలో 1929లో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించి, 1956 నాటి 'సి.ఐ.డి.'తో చిత్రరంగంలో ప్రవేశించినారు. 1966 నాటి 'ఆమ్రపాలి'కి ఆమె కల్పించిన వేషాలలో అజంతా చిత్రాల ఛాయ స్పష్టం. 'గాంధీ' చిత్రానికి జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకొన్నారు. ఆ బహుమతి పొందిన తొలి భారతీయురాలు ఆమెయే. 2012లో ఆ ప్రతిమను భద్రపరచవలసిందిగా అమెరికాలోని ఆ సంస్థకే తిరిగి అప్పగించినారు. 2020లో కన్నుమూసినారు.

ఆ అప్పగింతలో ఒక మౌన విమర్శ ఉన్నది. ముని అధ్యాయం రాసిన దేశంలో ఆహార్యాన్ని దాచుకొనే చోటు ఆమెకు కనిపించలేదు. నాటకకర్త పేరు తాటాకుమీదనైనా మిగిలినది. అనార్కలి మెడలోని హారం చేసిన హైదరాబాదు కంసాలి పేరును నమోదు చేయవలసినది ఇక చరిత్రకారుడే.