పాత కంప్యూటరు, దానికి తగిన డాస్

కొన్నేళ్ల క్రితం మా కార్యాలయపు సామాన్ల గదిని ఖాళీ చేయించవలసి వచ్చింది. వేలానికి సిద్ధమైన నిరుపయోగ వస్తువుల జాబితాలో విరిగిన కుర్చీల సరసన ‘పాత కంప్యూటరు - ఒకటి’ అనే పద్దు కనిపించింది. అది 286 ప్రాసెసరు గల డెస్క్‌టాప్ యంత్రం. ఒక మెగాబైటు మెమరీ, 40 మెగాబైట్ల హార్డ్ డిస్కు, అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ డ్రైవు దానికున్న సంపద. అందులో తెలుగు ఉత్తరప్రత్యుత్తరాలు ఉండేవని ఒక విశ్రాంత ఉద్యోగి చెప్పడంతో ఆ జాబితాపై సంతకం చేయడానికి నాకు మనసొప్పలేదు.

శాసనం లభించినా లిపి తెలియనిదే చరిత్ర తెలియదు. పాత కంప్యూటరు విషయంలో ఆ లిపి స్థానాన్ని ఆక్రమించేది దానిని నడిపే వ్యవస్థా సాఫ్ట్‌వేర్. విద్యుత్తు అందగానే యంత్రంలోని శాశ్వత స్మృతి తన అవయవాలను పరీక్షించుకుని, డిస్కు మొదటి సెక్టారులో ఉన్న ఆదేశాల కోసం వెదుకుతుంది. అక్కడ తగిన ఆదేశాలు లేకపోతే అంతటితో ఆగిపోతుంది. మా యంత్రమూ అక్కడే ఆగిపోయింది.

ఆ తరం యంత్రాలను నడిపిన డాస్ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా స్మరించాలి. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ సంస్థలో టిమ్ పాటర్సన్ 1980లో రూపొందించిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ 1981 జూలైలో కొనుగోలు చేసింది. ఆ ఏడాది ఆగస్టు 12న వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరుకు అదే ఆధారమయింది. 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో 1983లో ఎక్స్‌టీ యంత్రం రాగా, దానికోసం డాస్ 2.0 వచ్చింది. 1984లో ఏటీ యంత్రంతో 1.2 మెగాబైట్ల ఫ్లాపీ, డాస్ 3.0 వచ్చాయి. 1987లో 3.3, 1991లో 5.0 వెలువడ్డాయి. యంత్రంలో వచ్చిన ప్రతి మార్పుకూ డాస్‌లో ఒక మార్పు జోడుగా నడిచింది. కనుక ఏ యంత్రానికి ఏ డాస్ అన్న ప్రశ్న ప్రధానంగా కాలనిర్ణయానికి సంబంధించినది.

మా యంత్రంలో మొదటి లోపం చిన్న బ్యాటరీది. అది నిర్జీవం కావడంతో, తనకున్న డిస్కు ఏ రకానికి చెందినదో యంత్రం మరచిపోయింది. బ్యాటరీ మార్చి, డిస్కు వివరాలను తిరిగి నమోదు చేశాక డిస్కు కనబడింది గాని, డాస్ మూల ఫైళ్లు చెడిపోయినట్లు తేలింది. కొత్తగా ఫార్మాట్ చేసి సరికొత్త డాస్ ఎక్కించడం సులువని కొందరు సలహా ఇచ్చారు. అలా చేసి ఉంటే యంత్రం నడిచేది, కాని మేము వెదుకుతున్న పత్రాలు అందకుండా పోయేవి. అందుచేత ముందుగా నిపుణుని సహాయంతో డిస్కు మొత్తాన్ని సెక్టారు వెంట సెక్టారుగా వేరొక చోటికి నకలు తీయించాము.

డిస్కు రెండు భాగాలుగా విభజితమై ఉంది. ఒకటి 32 మెగాబైట్లు, రెండవది సుమారు 8. డాస్ 3.3లో ఒక్కొక్క భాగం 32 మెగాబైట్లకు మించరాదన్న పరిమితి ఉండేది. ఈ విభజన ఆ పరిమితికి తలవంచిన కాలపు గుర్తు. మిగిలిన ఫైళ్ల తేదీలు కూడా ఈ అనుమానాన్ని బలపరచాయి. 3.3 ఫ్లాపీతో యంత్రాన్ని ప్రారంభించి, ‘సిస్’ ఆదేశంతో రెండు మూల ఫైళ్లను డిస్కుకు చేర్చి, అదే సంచికకు చెందిన కమాండ్ ఫైలును జతచేశాము. ఈ మూడూ ఒకే సంచికవి కాకపోతే యంత్రం అంగీకరించదు.

అయినా తెలుగు కనబడడానికి ఇది చాలదు. డాస్‌కు స్వతహాగా భారతీయ లిపులు తెలియవు. కాన్పూరు ఐఐటీలో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థలో విస్తరించిన జిస్ట్ పరిజ్ఞానం ఆ లోటును తీర్చింది. జిస్ట్ కార్డును యంత్రంలో అమర్చితే, ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాములలోనే తెలుగు టైపు చేయగలిగేవారు. మన లిపులన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఇస్కీ సంకేతాలను భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించింది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల అమరికకూ దాని 1988 నాటి రూపమే ఆధారం. ఆ కార్డు గాని, దానికి తోడు సాఫ్ట్‌వేర్ గాని లేకపోతే, తెలుగు ఫైలు తెరపై గ్రీకు అక్షరాలూ స్వరచిహ్నాలు గల లాటిన్ అక్షరాలూ కలగలిసిన అర్థరహిత పంక్తులుగా దర్శనమిస్తుంది.

అదృష్టవశాత్తు మా యంత్రంలో కార్డు పదిలంగా ఉంది. దాని సాఫ్ట్‌వేర్ డిస్కులోనే దొరికింది. ఆ సాయంత్రం తెరపై తాగునీటి బావుల మంజూరు కోరుతూ రాసిన లేఖలు తెలుగులో ప్రత్యక్షమయ్యాయి. వాటి కాగితపు ప్రతులు నిర్ణీత గడువు తీరి ఏనాడో ధ్వంసమయ్యాయి. కొన్ని ఫైళ్లు మాత్రం శాశ్వతంగా చెడిపోయాయి.

ఇక ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను సంపాదించే మార్గం. పాతదైనంత మాత్రాన అది అందరి సొత్తు కాదు. అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2014లో డాస్ తొలి సంచికల మూల రచనను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. వాటికి 2018లోనూ, 4.0 సంచికకు 2024లోనూ స్వేచ్ఛగా వాడుకునే అనుమతి లభించింది. 1994లో జిమ్ హాల్ ప్రారంభించిన ఫ్రీడాస్ అందరికీ ఉచితం. కాని ఆయా కార్యాలయాలు నాడు డబ్బిచ్చి కొన్న ఫ్లాపీలే అన్నింటికంటె నమ్మదగిన ఆధారాలు. వాటినే మనం ముందుగా పారవేస్తున్నాము.

నిరుపయోగ వస్తువుల జాబితాలో యంత్రం పేరు, కొన్న సంవత్సరం, ధర నమోదు చేస్తాము. ఆ వరుసలోనే దానిని నడిపిన సాఫ్ట్‌వేర్ ఏదో, దాని ఫ్లాపీలు ఎక్కడ ఉన్నవో, డిస్కుకు నకలు తీశారో లేదో తెలిపే మరొక గడి చేర్చితే ఖర్చేమీ ఉండదు. ఆ గడి నింపే దాకా వేలం ఆగాలి.