కామ మారిన గొడ్డలి

బౌద్ధుల సంయుక్త నికాయంలో ఒక ఉపమానం కలదు. వడ్రంగి తన బాడిస పిడిని చూచుకొంటాడు. దానిపై వ్రేళ్ల గుర్తులు, బొటనవ్రేలి గుర్తు కనిపిస్తాయి. నేడు ఇంత అరిగినది, నిన్న అంత అరిగినది అని అతడు చెప్పలేడు. అరిగిపోయిన నాడు మాత్రం అరిగినదని తెలుసుకొంటాడు. మనోమాలిన్యాలు క్రమంగా క్షయించే తీరును బోధించుటకు చెప్పిన మాట ఇది. అయినను పనిముట్ల చరిత్రను పరిశీలించే వారికి ఇందులో మరొక విశేషం గోచరిస్తుంది. పరశువుల పదునును, ఖడ్గాల మెరుపును వర్ణించిన ప్రాచీన వాఙ్మయంలో పిడి అరుగుదలను ఇంత నిదానంగా గమనించిన చోట్లు అరుదు.

ఆ అరుదుదనానికి కారణం ఉన్నది. కొయ్య పుచ్చిపోతుంది, చెదలు తింటాయి, విరిగిన కామ పొయ్యిలోకి పోతుంది. రాయి, రాగి, ఇనుము మిగులుతాయి. కనుక నేడు పురావస్తుశాలల్లో గొడ్డలి అని పేరు వ్రాసి ప్రదర్శించేది నిజానికి సగం గొడ్డలి మాత్రమే. చరిత్రకారులు కూడ ఆ మిగిలిన సగాన్ని బట్టియే యుగాలకు పేర్లు పెట్టారు. కాని కొయ్యకూ తలకూ మధ్యనున్న కూర్పును అనుసరించి చూచినట్లయితే గొడ్డలి కథ వేరొక విధంగా కనిపిస్తుంది.

1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, తరువాతి దశాబ్దాల్లో బళ్లారి ప్రాంతపు కొండలపై నవీన శిలాయుగపు నునుపు గొడ్డళ్లను విస్తారంగా సేకరించాడు. ఆయన సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు చేరింది. బళ్లారి దాపున సంగనకల్లు, కుప్పగల్లు కొండల వద్ద నల్లని డాలరైట్ రాతిని పగులగొట్టి గొడ్డళ్లు చేసిన కార్యస్థానమే ఉన్నది. ముందుగా పెచ్చులు లేపి ఆకారం తెచ్చేవారు. పిదప చిన్న చిన్న దెబ్బలతో గరుకుదనం తీసి, చివరకు గ్రానైటు బండలపై నీటితో నూరేవారు. అట్లా నూరగా ఏర్పడిన గాడులు ఆ బండలపై నేటికీ ఉన్నవి. ఆ రాతితలను కొయ్యకు తొలిచిన రంధ్రంలోనో, చీల్చిన కర్రలోనో బిగించి తోలుతో, నారతో కట్టేవారు. అనగా ఆనాడు కొయ్యయే రాతిని పట్టుకొన్నది.

ఆ కొయ్య పోయిన తరువాత రాతితల తన పేరునే పోగొట్టుకొన్నది. పొలాల్లో దొరికిన నునుపు రాళ్లను పల్లెప్రజలు పిడుగు రాళ్లన్నారు. మధ్య భారతంలో, గంగా మైదానపు అంచుల్లో రావిచెట్ల క్రింద ఉంచి సిందూరం పూసి పూజించారు. కామ ఉండి ఉంటే దానిని పనిముట్టుగా గుర్తించుటకు ఎవరికీ కష్టమయ్యేది కాదు.

రాతిలోనే కామ జాడ మిగిల్చిన ఉదాహరణలు మాత్రం ఈశాన్యంలో దొరికాయి. అస్సాంలోని దావోజలి హాదింగ్ వద్ద 1961-63లో గోస్వామి, శర్మలు జరిపిన త్రవ్వకాల్లో బుజాలు గల రాతి గొడ్డళ్లు బయటపడ్డాయి. వెనుక భాగాన్ని ఇరుప్రక్కలా చెక్కి సన్నం చేయడం వల్ల ఏర్పడిన బుజాలివి. కొయ్యలో కూర్చుటకు వీలుగా చేసిన ఏర్పాటు. ఈ రకం ఆగ్నేయాసియాలో విరివిగా లభిస్తుంది. ఈశాన్య భారతానికి ఆ దిక్కుతో గల సంబంధానికి దీనిని సాక్ష్యంగా పండితులు పరిగణిస్తారు.

రాగి కాలంలో తల మారినది గాని కూర్పు పెద్దగా మారలేదు. 1870లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లా గుంగేరియాలో 424 రాగి వస్తువులు, 102 వెండి రేకులు ఒక్కచోట దొరికాయి. ఆ రాగి గొడ్డళ్లు చదునైనవి, బెజ్జం లేనివి. సింధు నాగరికతలోనూ ఇంతే. మొహెంజోదారో పై పొరలలో బెజ్జం గల గొడ్డలి-బాడిస ఒకటి దొరకగా, అది పశ్చిమ దేశాల నుండి వచ్చినదని పలువురు భావించారు. తూనికలలో, ఇటుకల కొలతలలో అంత నిర్దిష్టత చూపిన జనం, బెజ్జం గల గొడ్డలిని ఎరిగి కూడ దానిని సాధారణ వాడుకలోకి తెచ్చుకోకపోవడం ఆశ్చర్యమే. పాత కూర్పుతో పని సాగుతున్నంత కాలం కొత్త కూర్పు కోసం ఎవరూ తొందరపడరన్న సమాధానం తప్ప దీనికి మరొకటి తోచదు.

అసలైన మలుపు ఇనుముతో వచ్చినది. అదియు ఒక్కసారిగా రాలేదు. నాగపూర్ పరిసరాల్లోని మాహుర్ఝరి, ఖాపా, నైకుండ్ బృహత్ శిలాసమాధుల్లో లభించిన గొడ్డళ్లు ఇందుకు నిదర్శనం. వాటి తల పాత రాగి గొడ్డలి వలెనే చదునైనది. కాని దానిని కామకు బిగించుటకు ఇనుప పట్టీలను ఒకదానిపై నొకటి అడ్డముగా చుట్టారు. తోలుకట్టు, నారకట్టు చేసిన పనిని ఇనుముతో చేయించారన్నమాట. దక్షిణాపథపు బృహత్ శిలాయుగానికి ఈ అడ్డపట్టీల గొడ్డలి ఒక గుర్తుగా నిలిచినది. కమ్మరి చేతిలో కొత్త లోహం ఉన్నా మనస్సులో ఇంకా పాత కట్టే ఉన్నదని ఆ పట్టీలు తెలుపుతాయి.

ఆ మెట్టు దాటిన తరువాత పాత్రలు తారుమారైనాయి. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి మధ్యలో వంచి, ఆ మడతలో గుండ్రని మూస నుంచి, రెండు కొనలను సమ్మెట దెబ్బలతో ఒకటిగా అతికితే బెజ్జం దానంతట అదే ఏర్పడుతుంది. అతుకుతున్న కొనల మధ్య ఉక్కుముక్క నొకదానిని దూర్చితే అది వాదర అవుతుంది. ఇక ఇనుమే కొయ్యను పట్టుకొన్నది. మైకల్ కొండల్లో చిన్న మట్టికొలుముల్లో ఖనిజం కరగించి, కాలితో తిత్తులు త్రొక్కే అగరియాల జీవితాన్ని వెరియర్ ఎల్విన్ 1942లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. లోహాసురుని కొలిచే ఆ జాతి తీసిన మెత్తని ఇనుము ఇటువంటి మడతకు, అతుకుకు మిక్కిలి అనువైనది.

ఈ గొడ్డలికి ముసలితనం లేదు. వాదర అరిగితే కమ్మరి కొత్త ఉక్కు వేస్తాడు. కామ విరిగితే వడ్రంగి కొత్త కామ దిగగొడతాడు. తెలుగు పల్లెల్లో కళ్లంలో కొలిచి యిచ్చిన మేరగింజలు, మరాఠీ గ్రామాల్లో బలుతా ఈ మరమ్మతులకు ప్రతిఫలంగా ఉండేవి. ఒక్కొక్క మరమ్మతుకు వెల కట్టడం కాక, ఏడాది పొడుగునా పనిముట్లను పనిలో ఉంచే బాధ్యతకే ఆ గింజలు. పాత గొడ్డలి, కొత్త గొడ్డలి అన్న తేడా అంగడి సరకుతో వచ్చినది. 1920 దశకం నుండి జంషెడ్‌పూర్ వంటి చోట్ల యంత్రాలు అచ్చులో కొట్టిన తలలు సంతలకు చేరాయి. తల కొనుక్కొని తెచ్చుకొన్నా కామ మాత్రం ఊరిలోనే వేయించుకోవలసి వచ్చినది. కమ్మరి పని తగ్గిన చోట కూడ వడ్రంగి పని కొన్నాళ్లు నిలిచినది ఈ కారణం చేతనే.

కామకు ఏ కొయ్య తగునన్నది ఒక శాస్త్రమే. చిరుమాను కొయ్య దెబ్బకు ఓర్చుకొంటుంది. ఆంగ్లంలో దానికి ఇరుసుకొయ్య అనే పేరు ఉన్నది. ఉత్తరాదిన ధామన్ అనే చరచి కొయ్యకు సాగుగుణం ఎక్కువ. దెబ్బ అదురును చేతికి రానీయదు. అవి దొరకని మెట్ట ప్రాంతాల్లో తుమ్మతో సరిపుచ్చుకొన్నారు. ఏ చెట్టయినా కొమ్మ నరికిన వెంటనే కామ వేయరాదు. పచ్చికొయ్య ఎండిన కొద్దీ కుంచించుకొని తల ఊడుతుంది. ఎత్తిన గొడ్డలి తల ఊడితే జరిగే ప్రమాదం చెప్పనక్కరలేదు. నెలల తరబడి నీడలో ఆరవేయాలి. కొయ్యపోగులు కామ పొడవునా సాగాలి. అడ్డంగా తెగితే అక్కడే విరుగుతుంది. వేసవిలో వదులైన గొడ్డలిని నీటిలో నానవేయడం అందరూ చేసేదే గాని, ఉబ్బిన పోగులు బెజ్జంలో నలిగి ఆరిన పిమ్మట మునుపటి కంటె ఎక్కువ వదులవుతాయి.

తల బిగింపులోనూ రెండు తీరులున్నవి. ఒకటి, కామ కొనను చీల్చి కొయ్యచీల దిగగొట్టడం. రెండవది, అనేక పల్లెల్లో కనిపించేది, పైకొన లావుగా ఉన్న కామకు క్రిందినుండి తలను ఎక్కించడం. దీనికి చీల అక్కరలేదు. విసరిన ప్రతిసారీ తల లావైన కొన వైపునకే జరిగి మరింత బిగుసుకొంటుంది. కామ విరిగినా అడవిలోనే మరొకటి చెక్కుకోవచ్చు. గొడ్డలి కామ తన కులానికే చేటు తెచ్చినదని వాపోయే సామెతలు ఉత్తరాదినా దక్షిణాదినా ఉన్నవి. అవి చెట్టు తరఫున పుట్టినవి. కామ చెక్కిన చేతికి మాత్రం ఆ సామెతల్లో చోటు దొరకలేదు.

ఇటీవలి కాలంలో పాత గొడ్డళ్లను సంపాదించి తుప్పు వదిలించి కొత్త కామలు వేసే ఆసక్తి పెరిగినది. ఇది హర్షించదగినదే. కాని తొందర వల్ల కలిగే నష్టాలు రెండు. విద్యుత్ సానచక్రంపై ఆగకుండ పట్టినప్పుడు వాదర నీలివన్నెకు తిరుగుతుంది. అంటే వేడి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరి, కమ్మరి నీట ముంచి తెచ్చిన గట్టిదనం సడలినదని అర్థం. ఆకురాయితో, నీటిసానతో మెల్లగా చేయదగిన పని అది. రెండవ నష్టం ఇంకా పెద్దది. కొయ్యను తాకి తుప్పుపట్టిన ఇనుము, ఒక్కొక్కప్పుడు ఆ కొయ్యపోగుల రూపాన్ని తన తుప్పులోనే నిలుపుకొంటుంది. బెజ్జం లోపల, అడ్డపట్టీల మలుపుల్లో ఇట్టి జాడలు ఉండవచ్చు. సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే కొయ్య జాతిని గుర్తించే అవకాశం కలదు. తళతళలాడే వరకు తోమిన గొడ్డలిలో తన కామను గురించిన ఆఖరి సాక్ష్యం తుడిచిపెట్టుకొని పోతుంది.

పురావస్తు సర్వేక్షణ సంస్థలో రసాయన విభాగం 1917లో ఏర్పడినది. 1930లో మద్రాసు మ్యూజియం రసాయనశాల మొదలైనది. 1976లో లక్నోలో జాతీయ పరిశోధనశాల స్థాపితమైనది. ఇనుమును తినివేసే లవణాలను తొలగించి తుప్పును ఆపే విద్య దేశంలో ఉన్నది. కామ విషయంలో ఏమి చేయాలన్నదే చిక్కు. కట్టడాల కోసం 1964లో రూపొందిన వెనిస్ ఒడంబడిక, కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొందిక కలిగి ఉంటూనే అసలుకు భిన్నంగా గుర్తుపట్టేటట్లు ఉండాలన్నది. పల్లె వడ్రంగి ధర్మం దీనికి పూర్తిగా విరుద్ధం: కొత్త కామ పాతదాని వలెనే చేతికి తోచాలి. ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరి వస్తువులు వేరు. సమాధిలో దొరికిన గొడ్డలికి కొయ్య దూర్చడం దాని బెజ్జాన్ని గాయపరచడమే. దానికి ప్రక్కన కామతో కూడిన నమూనాను చేయించి ఉంచవచ్చు. నిన్నటి వరకు పొలంలో పనిచేసిన గొడ్డలికి కామ వేయకుండ గాజుపెట్టెలో పెట్టడం కూడ దానిని సగం చేయడమే.

అట్టి గొడ్డలిని చేర్చుకొన్నప్పుడు చిట్టాలో 'గొడ్డలి, ఇనుము' అని మాత్రమే వ్రాసినచో ఆ సగం మరల పోయినట్లే. కొయ్య ఏది, ఏ ఊరి వడ్రంగి చెక్కినది, ఇది ఎన్నవ కామ, చీలతో బిగించినదా పైకొన లావుతో బిగించినదా అన్న నాలుగు మాటలు ఆ వరుసలోనే వ్రాయవచ్చు. తీసివేసిన పాత కామను కూడ, విరిగినదే అయినా, ఒక చీటీ కట్టి అదే అరలో ఉంచవచ్చు. దానిపై వ్రేళ్ల గుర్తులుంటాయి.