పోర్ట్
వరోరాలో మా అక్క కొడుకు "ఈ ఆట పీసీ పోర్ట్ బాగాలేదు మామయ్యా, ఆగి ఆగి నడుస్తోంది" అంటే, పక్కనున్న పెద్దాయన కంప్యూటర్ వెనక తీగ దూర్చే చోటు పాడైందనుకున్నారు. పోర్ట్ అనే పేరు ఆ చోటుకి లాటిన్ ‘పోర్టా’ (ద్వారం) నుంచి, విశాఖ పోర్టుకి ‘పోర్టుస్’ (రేవు) నుంచి వచ్చింది. ఒక యంత్రం కోసం చేసిన ఆటను మరోదానికి తెచ్చే పోర్ట్‌కి మూలం ‘పోర్టారే’, అంటే మోసుకెళ్లడం. రైల్వే పోర్టరు, ఎక్స్‌పోర్టు, ఇంపోర్టు దీని చుట్టాలే. 2011 జనవరిలో మొబైల్ నంబర్ పోర్టబిలిటీ దేశమంతా వచ్చాక "సిమ్ పోర్ట్ పెట్టించా" అనడం మనకూ అలవాటైంది. నంబరైతే ఉన్నదున్నట్టు వెళ్తుంది, ఆట అలా వెళ్లదు. ఒక కన్సోల్ మోడల్‌లో చిప్ అందరికీ ఒకటే కాబట్టి షేడర్లను (బొమ్మను తెరపై గీసే చిన్న ప్రోగ్రాములను) ముందే సిద్ధం చేసి ఇవ్వొచ్చు. పీసీల్లో గ్రాఫిక్స్ కార్డులు రకరకాలు. ఆడుతుండగా షేడర్లు తయారుచేయాల్సి వస్తే బొమ్మ తడబడుతుంది. ‘బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్’ ఆట పోర్ట్ సరిగా లేక, దాని పీసీ అమ్మకాలను 2015 జూన్‌లో విడుదలైన వెంటనే ఆపేసి, అక్టోబరులో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. డబ్బిచ్చి కొన్నవాళ్లకు అది అన్యాయం. ఆటను ఇలా పోర్ట్ చేయడాన్ని తెలుగులో ‘తరలింపు’ అంటే సామాను చేరవేసినట్టే ఉంటుంది. కొత్త యంత్రానికి తగ్గట్టు మళ్లీ మలచాలి గనక ‘మలచడం’ అన్నదే నాకు సరైన మాటగా తోస్తుంది.