హైదరాబాద్ పేరు మోసిన ఇంజన్

ఇంగ్లండ్‌లో లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ అని ఒక రైల్వే కంపెనీ ఉండేది. దాని జమానా 1923 నుంచి 1947 దాకా. ఆ కంపెనీ ఆవిరి ఇంజన్లలో ఒకదాని పేరు హైదరాబాద్. నంబర్ 5585.

ఏ హైదరాబాద్? సింధ్‌లోది కూడా ఉంది కదా అని షక్ పడేవాళ్లు ఆ తర్వాతి నంబర్లు చూడండి. 5586 మైసూర్, 5587 బరోడా, 5588 కాశ్మీర్, 5589 గ్వాలియర్. అంగ్రేజ్ సర్కార్ 21 తోపుల సలామీ ఇచ్చిన రియాసతులు సరిగ్గా ఈ అయిదే. వాటి వెనక ట్రావన్‌కోర్, ఉదయ్‌పూర్, ఇండోర్, కొల్హాపూర్, భోపాల్. ఇవన్నీ 19 తోపుల దర్జావి. ఆ దర్జాలో కలాత్ ఒక్కటే ఈ వరుసలోకి రాలేదు. పేర్లు రాసిన బాబు ఎవరో గానీ, దర్బారులో కుర్చీలు వేసినట్టే ఇంజన్లకు నంబర్లు వేశాడు. మొదటి కుర్చీ మన నిజాంది.

ఈ జాతి ఇంజన్లను జూబిలీలంటారు. జూబిలీ అనగానే మనవాళ్లకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జూబిలీ గుర్తొస్తుంది. ఇది ఆయనది కాదు, 1935లో జార్జ్ 5వ రాజు చేసుకున్న రజతోత్సవం. స్టానియర్ అనే ఇంజనీర్ డిజైన్ మీద 1934 నుంచి 1936 వరకు 191 ఇంజన్లు తయారయ్యాయి. సల్తనత్‌లో ఉన్న దేశాలు, ప్రాంతాలు, సముద్ర యుద్ధాలు, నావికా సేనానులు, అందరి పేర్లూ వాటికి తగిలించారు. హైదరాబాద్ పుట్టింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీలో.

191లో ఇప్పుడు మిగిలినవి నాలుగే: లియాండర్, గలాటియా, బహామాస్, కొల్హాపూర్. అంటే రియాసతుల్లో కొల్హాపూర్ ఒక్కటి బతికింది. హైదరాబాద్ 1960లలో తుక్కు కింద పోయింది. ఆ ఇంజన్‌ను కళ్లతో చూడాలనే ఖ్వాయిష్ ఉంటే ఇవాళ ఒకటే దారి, చిన్న సైజులో తయారు చేసుకోవడం. అక్కడి షౌకీన్లు ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు.

వాళ్ల కొలత ఏమిటంటే, అసలు ఇంజన్‌లో ఒక అడుగు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు. జూబిలీ పెద్ద చక్రం 6 అడుగుల 9 అంగుళాలు కాబట్టి మోడల్‌లో 27 మిల్లీమీటర్లు. పట్టాల వెడల్పు లెక్క ప్రకారం 18.83 రావాలి, కానీ బజారులో దొరికే రైళ్లన్నీ 16.5 మీద నడుస్తాయి. ఒళ్లు పహిల్వాన్‌ది, అడుగులు పిల్లాడివి. ఈ తేడా భరించలేక పట్టాలు కూడా చేత్తో వేసుకునే కారీగర్లున్నారు. ఓపిక లేనివాళ్లు పక్కనుంచి చూసి ఖుష్ అవుతారు. నా ఓటు పక్కనుంచి చూసేవాళ్లకే.

మొదట్లో రెడీమేడ్ ఇంజన్లు చాలా తక్కువ. 1938లో లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ హార్న్‌బీ డబ్లో పేరుతో ఈ కొలతలో రైళ్లు దించింది. 1950లో రోవెక్స్ అనే కంపెనీ ప్రిన్సెస్ ఎలిజబెత్ అనే ఇంజన్‌ను ప్లాస్టిక్‌తో చేసి మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల్లో అమ్మించింది. తర్వాత దాన్ని ట్రయాంగ్ కొనేసింది. తన ఊరి లైన్ మీద నడిచిన ఇంజన్ కావాలనుకున్నవాడు ట్రయాంగ్ మోటారూ చక్రాలూ ఉంచుకుని, పైనున్న ఒళ్లు తీసేసి, విల్స్ లేదా కేస్ కంపెనీ పోత లోహంతో అమ్మిన ఒళ్లు తొడిగేవాడు. 1976లో మెయిన్‌లైన్ అనే రేంజ్ మొదలైంది, తయారీ హాంకాంగ్‌లో. కొన్నాళ్లకు అందులో జూబిలీ కూడా వచ్చింది, ఆ తర్వాత బాక్‌మన్ పేరుతోనూ వచ్చింది. ఒళ్లు దొరికింది. ఇక మిగిలింది పేరు. 191 పేర్లలో కంపెనీ డబ్బాలో పెట్టేవి కొన్నే కదా.

పేరు మార్చడం చూడ్డానికి ఆసాన్. కారు పాలిష్ లాంటి టీ-కట్‌ను కాటన్ బడ్‌తో అద్ది, క్యాబిన్ పక్కన అచ్చేసిన నంబరును మెల్లగా రుద్దాలి. జోరుగా రుద్దితే నంబరుతో పాటు కింది రంగూ లేచిపోతుంది. కొత్త అంకెలు సన్నటి కాగితం మీద వస్తాయి. నీళ్లలో నానబెట్టి, వేలితో జార్చి, ఒక్కొక్కటి వరసలో నిలబెట్టాలి. పేరు పలక పల్చటి ఇత్తడి రేకు, యాసిడ్‌తో తొలిచి అక్షరాలు పైకి తేల్చినది. దాన్ని చక్రం పైనున్న రేకు వంపుకు సరిపోయేలా వంచి వార్నిష్‌తో అంటించాలి. సూపర్ గ్లూ వాడితే చుట్టూ తెల్లటి మంచు పొరలా కమ్ముకుంటుంది, అంత మెహనత్ మట్టి.

కానీ పేరు మారితే ఇంజన్ మారినట్టు కాదు. అసలు పని ఇక్కడుంది. బాయిలర్ మీద ఆవిరి చేరే గుండ్రటి బుడిపె ఉంటుంది, దాన్ని గుంబద్ అందాం. మొదటి 113 జూబిలీలకు ఆ గుంబద్ లేదు. హైదరాబాద్ ఆ 113లోదే. మీరు కొన్న రెడీమేడ్‌కు గుంబద్ ఉంటే, పుట్టినప్పటి హైదరాబాద్ కావాలంటే దాన్ని కోసి, పుట్టీ నింపి, నునుపు చేయాలి. అయితే రిపేర్లకు వెళ్లినప్పుడల్లా వర్క్‌షాపులో ఒకదాని బాయిలర్ ఇంకోదానికి ఎక్కించేవాళ్లు. బొగ్గూ నీళ్లూ మోసే టెండర్లూ అంతే, ఒకే రకం కావు. అందుకని తేదీ ఉన్న తస్వీర్ చేతిలో లేకుండా రంపం పట్టకూడదంటారు ఉస్తాదులు. ఇది హైదరాబాద్ అంటే చాలదు, ఏ సంవత్సరపు హైదరాబాద్ అని చెప్పాలి.

ఆ సవాల్‌కు జవాబు రంగులో ఉంది. ఎర్ర రంగు, టెండర్ మీద ఎల్ఎంఎస్ అక్షరాలు, నంబర్ 5585 అయితే అది కంపెనీ జమానా ఇంజన్. ఇక్కడ ఆసఫ్‌జాహీ హుకూమత్ ఉంది. 1948 జనవరి 1న అక్కడి రైల్వేలు సర్కార్ చేతికి పోయి బ్రిటిష్ రైల్వేస్ అయ్యాయి. ఈ కంపెనీ పాత నంబర్లకు 40,000 కలిపారు, 5585 కాస్తా 45585 అయింది. అదే ఏడాది సెప్టెంబర్ 17న ఇక్కడ ఏం జరిగిందో మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తర్వాత ఆకుపచ్చ రంగు, టెండర్ మీద చక్రం ఎక్కిన సింహం ముద్ర. 1956లో ఆ ముద్ర కూడా మారింది. అదే 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాలకు పంచేశారు. కొత్త ముద్ర వేసిన హైదరాబాద్ మోడల్ మీ బల్ల మీద ఉందంటే, నక్షాలో లేని రియాసత్ పేరుతో ఇంజన్ నడుస్తోందన్నమాట. ఆ ముద్రను అంటించేవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. మనకు తెలియకపోతే బాధ.

రాజ్యాలు మారితే ఇంజన్ల పేర్లు మార్చలేదా? మార్చారు, కొన్నింటికి. ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే జూబిలీని 1938లో ఐర్ అన్నారు. గోల్డ్ కోస్ట్ 1957లో ఆజాద్ అయితే, మరుసటి ఏడాది ఇంజన్ పలక మీద ఘనా అని వచ్చింది. మన వైపు పేర్లకు ఆ మర్యాద దొరకలేదు. యునైటెడ్ ప్రావిన్సెస్, సెంట్రల్ ప్రావిన్సెస్, నార్త్ వెస్ట్ ఫ్రాంటియర్, హైదరాబాద్, అన్నీ పాత పలకలతోనే తుక్కు దాకా వెళ్లాయి. పట్టించుకోలేదా, వద్దనుకున్నారా, ఏదైతేనేం, ఆ బేపర్వా వల్లే ఆ పేరు 1960లలోకి చేరింది.

డబ్బాలో వచ్చిన పేరు మార్చడం తప్పని అక్కడ ముక్కు విరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అసలు రైల్వే చేసిన కారస్తానీ చెప్పాలి. 1935లో రాజుగారి జూబిలీకి నల్లగా మెరిసే ఇంజన్ ఒకటి కావలసి వచ్చింది. కంపెనీ 5642 నంబరుదాన్ని ముస్తాబు చేసి 5552 సిల్వర్ జూబిలీ అంది, అసలు 5552కు 5642 నంబర్ తగిలించింది. 1939లో అమెరికాకు పంపిన కరొనేషన్ నిజానికి డచెస్ ఆఫ్ హామిల్టన్, పలకలు మార్చి ఓడ ఎక్కించారు. అంత పెద్ద కంపెనీ అసలు ఇంజన్లనే మార్చితే, బల్ల మీద ఇంజన్ మార్చినవాడి గునాహ్ ఎంత?

అమ్మేటప్పుడు మాత్రం అమానత్ పాటించాలి. పేరు మార్చిన మోడల్‌కు పాత డబ్బా జత కుదరదు, డబ్బాతో సహా దాచుకునేవాళ్లు దానికి తక్కువ ధర కడతారు. నిజాయితీగలవాళ్లు డబ్బా మీద చిన్న చీటీ అంటిస్తారు: లోపలున్నది ఫలానా పేరుతో వచ్చింది, ఇప్పుడు 45585 హైదరాబాద్, గుంబద్ తీసేశాం.