సంఘం

'సం' అనే ఉపసర్గ, 'హన్' ధాతువు కలిసి సంస్కృతంలో ఏర్పడిన మాట సంఘం. అర్థం సమూహం. బౌద్ధులకు అది భిక్షువుల సమాజం, మూడు శరణాల్లో ఒకటి. ఆ బౌద్ధంతో తెలుగు నేలకూ పాత సంబంధం ఉంది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన నగరమే నేటి బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. గోదావరి తీరాన ఆ దేశంలో నివసించిన బావరి తన శిష్యులను బుద్ధుని వద్దకు పంపిన కథ సుత్తనిపాతంలో ఉంది.

కందుకూరి వీరేశలింగం కాలపు 'సంఘ సంస్కరణ'లో ఈ మాటకు అర్థం మొత్తం సమాజం. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జన సంఘం పేరులో దాని అర్థం ఒక సంస్థ. ఆ సంస్థే ఎదిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని ఆరవ సభ 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో జరిగింది. 1944 భువనగిరి సభ సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు తగ్గించాక పేద రైతులు, కూలీలు పెద్ద ఎత్తున చేరారు. కాగితం మీద మహాసభ, పల్లె నోట మాత్రం 'సంగం'. 'సంగంల చేరిండు' అంటే ఇక వెట్టి చెయ్యడని అర్థం.

నిజామాబాదు సభ జరిగిన 1937లోనే బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 2015 డిసెంబరులో మూతపడ్డాక దాన్ని తెరిపించాలని గట్టిగా అడిగింది కార్మిక సంఘాలు, చెరకు రైతులే.

నేడు మహిళా సంఘం, కుల సంఘం, బీడీ కార్మిక సంఘం అంటూ ఈ మాట వాడవాడలా వినిపిస్తుంది. బోర్డు మీద రాసుకుంటే సరిపోదు. ఒక్కరి కష్టానికి పదిమంది కదిలినప్పుడే అది సంఘం.